సదరు చేప ఆరోగ్యముగా ఉన్నది

మొగలిగరువు పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనర్ పురుషోత్తం గారికి పూర్వీకుల విజ్ఞానం అంటే ప్రాణం. ఛార్జి తీసుకున్న కొత్తలోనే ఊరి పెద్దలతో సమావేశం పెట్టి, "మనవాళ్ళు నీళ్ళు మంచివో కావో ఎలా కనిపెట్టేవారు?" అని అడిగారు.

"నూతిలో చేపని వదిలేవారండి. చేప బతికితే నీళ్ళు బాగున్నట్టు" అన్నాడు ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన, కాఫీ ఇంకా రాదేమిటా అని తలుపు వైపు చూస్తూ.

కాఫీ కాస్త ముందొచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మర్నాడే వాటర్‌వర్క్సులో నీళ్ళ పరీక్షల గదికి తాళం పడింది. అందులోని సీసాలు గోనెసంచుల్లోకి, పరీక్షలు చేసే కెమిస్టు జనన మరణాల విభాగంలోకి వెళ్ళిపోయారు. గది ముందు వరండాలో ఒక గాజు తొట్టి వెలిసింది. అందులోకి నిగనిగలాడే శీలావతి చేపను వదిలి, తొట్టికి కట్టిన రిబ్బను కత్తిరించి, కమిషనర్ గారు ఇలా ఉత్తర్వు ఇచ్చారు:

"ఊరికి సరఫరా చేయు నీటిని ప్రతిదినము సదరు తొట్టిలో నింపవలెను. సదరు చేప ఆరోగ్యముగా ఉన్నచో నీరు త్రాగుటకు యోగ్యమని ధ్రువీకరించవలెను. సదరు చేప మరణించినచో సంరక్షకుడు సస్పెన్షనుకు గురికాగలడు."

సంరక్షకుడు అంటే అసిస్టెంటు ఇంజనీరు పద్మనాభం. ఆ కాగితం ఇంటికి తెచ్చి భార్య సూర్యప్రభకి చూపించాడు. ఆవిడ పెళ్ళికి ముందు బి.ఎస్సీ. జంతుశాస్త్రం చదివింది. పప్పు డబ్బా మీద అతికించిన చీటీ అయినా సరే, చివరి అక్షరం దాకా చదివి గాని పక్కన పెట్టదు.

"చేప పోయిందంటే నీళ్ళు బాగాలేవనే కదండీ? మధ్యలో మిమ్మల్ని సస్పెండు చెయ్యడం ఏమిటి?"

"ఎవరో ఒకర్ని చెయ్యాలిగా ప్రభా! నీళ్ళని సస్పెండు చెయ్యలేరు."

పద్మనాభం మంచివాడు. వర్క్‌చార్జి తాత్కాలికుల లెక్కలో ఏళ్ళ తరబడి నలిగి, జుట్టు నెరిశాక పర్మినెంటు అయినవాడు. ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. అందుకని ఆయన పై నుంచి వచ్చిన ఏ కాగితాన్నయినా రెండు చేతులతో అందుకుంటాడు.

కొన్నాళ్ళు అంతా బాగానే గడిచింది. చేప ఈదుతూ ఉండేది, పద్మనాభం సంతకం పెడుతూ ఉండేవాడు. బడిపిల్లలు వరసలో వచ్చి చేపకి నమస్కారం చేసి వెళ్ళేవారు. పొరుగూరి మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి తొట్టి కొలతలు రాసుకున్నారు.

ఈలోగా వేసవి వచ్చింది. కాలవకి నీళ్ళు ఆపి కట్టేసేలోగా ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. కాలవ నిండా చూస్తే గుర్రపుడెక్క. ఏటా కూలీలు నడుం లోతు నీళ్ళలో దిగి, దాన్ని పీకి గట్టు మీద పోసేవారు. ఈసారి కాలవల శాఖ డి.ఇ. భాస్కరం గారు అంత కష్టం ఎందుకని కలుపు మందు కొట్టించారు. గుర్రపుడెక్క మాడి మసై తేలింది. దాని ముందు నిలబడి అందరూ ఫొటోలు దిగారు. ఫొటోలయ్యాక లాకులెత్తారు. ఆ నీళ్ళన్నీ బిరబిరా వచ్చి మంచినీళ్ళ చెరువు నింపాయి. ఆ తరువాత కాలవ కట్టేశారు.

చేపలమ్మే నూకాలు ఆ వారం సూర్యప్రభ గుమ్మంలో గంప దించి, తూకం రాయి బయటికి తియ్యలేదు.

"ఇయి అమ్మటానికి కాదమ్మగోరూ, సూపించటానికి తెచ్చాను" అని ఒక చేపని ఎత్తి మొప్ప తెరిచింది. "సూడండి. మొప్పంటే మందారంలా ఉండాలా వద్దా? కడిగేసిన గుడ్డపీలికలా ఉంది. ఒళ్ళంతా జిగురు. కాలవలో మిగిలిన గుంటల్లో ఎక్కడ సూసినా ఇయ్యేనండి. బతికున్నయ్యి కూడా తాగినోడిలా పక్కకి ఒరిగి తిరుగుతున్నాయి. మా ఆయన నయం, తాగినా తిన్నగా ఇంటికొత్తాడు."

సూర్యప్రభ మొప్పని వేలితో తాకి చూసింది. చెయ్యి కడుక్కోవడానికి పంపు తిప్పబోయి ఆగింది. ఆ నీళ్ళూ ఆ చెరువువే కదా.

ఆ మధ్యాహ్నం భర్తకి క్యారేజీ తీసుకుని వాటర్‌వర్క్సుకి వెళ్ళేసరికి వరండాలో పెద్ద గుంపు. శీలావతి ఒక పక్కకి ఒరిగిపోయి, నోరు నీటి పైకి పెట్టి గుటకలు వేస్తోంది. చుట్టూ కుర్చీలు వేసుకుని అధికారులు కూర్చున్నారు. పద్మనాభం నిలబడి ఉన్నాడు.

"కాలవలో చేపలు చచ్చి తేలుతున్నాయట సార్" అన్నాడు పద్మనాభం.

"సదరు చేపలు మన సంస్థకు చెందినవి కావు. అనధికార చేపల మరణాన్ని మనం పరిగణనలోకి తీసుకోజాలము" అన్నారు కమిషనర్ గారు. "భాస్కరం గారూ, మీ మందు సంగతి ఏమిటి?"

డి.ఇ. గారు ఖాళీ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టారు. "చిత్తగించండి. దీని మీద ఉన్న బొమ్మ మొక్కది. చేప బొమ్మ ఎక్కడైనా ఉందా? మొక్కల కోసం ఉద్దేశించిన మందును చేప సేవించినచో అది చేప యొక్క క్రమశిక్షణా రాహిత్యం. పైగా లాకు దాటాక నీరు మా శాఖది కాదు."

అందరూ మత్స్యశాఖ అధికారి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చెరువులో చేప మా పరిధి. సముద్రంలో చేప మా పరిధి. వరండాలో చేప గురించి మాకు మార్గదర్శకాలు రాలేదు. అయినా మానవతా దృక్పథంతో పరిశీలించాను. ఇది పనిభారం. ఆదివారం కూడా సెలవు లేదుట కదా, పాపం."

కమిషనర్ గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖంలో వెలుగు.

"జబ్బుపడిన పరీక్షకుడు ఇచ్చిన ఫలితం చెల్లునా?"

"చెల్లదు సార్" అన్నారు అందరూ.

"కాబట్టి నేటి ఫలితం రద్దు. చేపకు వైద్య సెలవు మంజూరు. కోలుకునేంతవరకు శుద్ధిచేసిన టిన్ను నీళ్ళలో ఉంచవలెను."

సూర్యప్రభ క్యారేజీ కింద పెట్టింది. "అయ్యా, నాదో సందేహం. జబ్బుపడితే దాని ఫలితం చెల్లదంటే, నీళ్ళు బాగాలేవని అది చెప్పడం ఎప్పుడండీ?"

"మంచి ప్రశ్న" అని కమిషనర్ గారు మెచ్చుకున్నారు. "ఆరోగ్యంగా ఉన్నప్పుడు నిరభ్యంతరంగా చెప్పవచ్చునమ్మా."

ఆ చేపని జాగ్రత్తగా ఉంచే చోటు చూడమంటే పద్మనాభం ఇల్లే తేలింది. సూర్యప్రభని 'గృహ సంరక్షకురాలు, గౌరవ హోదా' అని నియమించారు. గౌరవ హోదా అంటే జీతం ఉండదని ఆవిడకి ఎవరూ విప్పి చెప్పక్కరలేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడది ఆ హోదాయే.

పెరట్లో ఉన్న పెద్ద తొట్టి కడిగి, టిన్ను నీళ్ళు నింపి చేపని వదిలింది. కొన్నాళ్ళకి చేప తేరుకుంది. ఒంటి జిగురు పోయి, తోక ఆడించి, సూర్యప్రభ నూకలు విదిలిస్తే పైకి వచ్చి తినసాగింది. ఆరోగ్య ధ్రువపత్రం వచ్చింది. ఆటోలో వాటర్‌వర్క్సుకి తీసుకువెళ్ళి చెరువు నీళ్ళలో వదిలారు. సాయంత్రానికి మళ్ళీ ఒరిగిపోయింది. ఫలితం రద్దు, వైద్య సెలవు, ఆటో. మళ్ళీ తేరుకుంది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఒరిగింది. చివరికి ఆటోవాడు చేప కనబడితే చాలు, ఎక్కడికని అడగడం మానేశాడు.

"పోనీ ఆ తొట్టిలో కొరమీనుని ఏసెయ్యమనండి" అంది నూకాలు. "దాన్ని బురదలో పడేసినా బతుకుద్ది."

ఆ సలహా కమిషనర్ గారికి నచ్చింది గాని, ఖాళీ ఉంటే కదా కొత్త నియామకం? ఖాళీ రావాలంటే ఉన్న చేప పోవాలి. ఉన్న చేప పోతే సంరక్షకుణ్ణి సస్పెండు చెయ్యాలి. సంరక్షకుణ్ణి సస్పెండు చేస్తే కొత్త చేపని ఎవరికి అప్పగిస్తారు? ఆలోచించి ఆలోచించి కమిషనర్ గారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు: "సదరు చేప తాను ఎచట ఆరోగ్యముగా ఉండునో అచటి నుండియే విధులు నిర్వర్తించవచ్చును."

అప్పటి నుంచి పద్మనాభం పొద్దున్నే లేచి, స్నానం చేసి, పెరటి తొట్టిలోకి తొంగి చూసి, వంటింటి అరుగు మీద కాగితం పెట్టుకుని రాసేవాడు: సదరు చేప ఆరోగ్యముగా ఉన్నది. నీరు యోగ్యము.

"అది టిన్ను నీళ్ళలో ఉందండీ" అంది సూర్యప్రభ, మొదటిరోజే.

"నేను అబద్ధం రాశానా? చేప ఆరోగ్యంగానే ఉందిగా."

"రెండో వాక్యం సంగతి?"

పద్మనాభం పెన్ను మూత పెట్టాడు. "రాయకపోతే ఇంటికి పంపుతారు ప్రభా. మళ్ళీ ఈ వయసులో ఎవరి గుమ్మం ఎక్కను?"

సూర్యప్రభ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కాని ఆవిడ మనసులో ఒక్కటే తిరుగుతోంది. ఆ మందునీళ్ళు ఊరికి వెళ్ళడం ఆగాలి. ఈయన ఉద్యోగం పోకూడదు. రెండింటికీ ఒకటే దారి ఉండాలి.

టిన్నులు మునిసిపాలిటీ వ్యానులో చేప పేర వస్తుంటే వీధివాళ్ళు గిన్నెలు పట్టుకుని చేరేవారు. "చేప వాడగా మిగిలినవి ఏమైనా ఉంటే పొయ్యండి పిన్నీ" అని అడిగేవారు. ఆవిడ పోసేది. పద్మనాభం మాత్రం ఒక్క చుక్క ముట్టేవాడు కాడు. "అవి చేపకి మంజూరైన నీళ్ళు. నేను తాగితే దుర్వినియోగం అవుతుంది" అని పంపునీళ్ళే తాగేవాడు. ఇంట్లో ఆవిడ గదమాయిస్తే సరేనని తలూపి, ఆఫీసుకి వెళ్ళి అక్కడి కూజాలో నీళ్ళు తాగేవాడు.

ఊళ్ళో దద్దుర్లు, కడుపులో తిప్పుడు మొదలయ్యాయి. జనం అర్జీలు పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి కదిలారు. నూకాలు కూడా వెళ్ళొచ్చి సూర్యప్రభ అరుగు మీద చతికిలబడింది.

"ఏమైంది నూకాలూ? తీసుకున్నారా అర్జీ?"

"ఏటి తీసుకునేదండి! ఒళ్ళంతా దద్దుర్లండి బాబూ అన్నాను. అయితే నువ్వు జబ్బుమనిషివి, జబ్బుమనిషి మాట సెల్లదు, సర్కులరొచ్చింది అన్నాడా గుమస్తా. పోనీలే అని పక్కకెళ్ళి, మళ్ళీ వరసలో నిలబడి, నాకేటండి, గుండ్రాయిలా ఉన్నాను అన్నాను. అయితే ఇంకేటే నీ బాధ, పో అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"నీకు దద్దుర్లు లేవా నాయనా అనడిగాను. సొక్కా లోపల గోక్కుంటా, నేను డూటీలో ఉన్నాను, నాకుండవు అన్నాడు."

ఆ సర్కులర్ సూర్యప్రభ చదివింది. చేప విషయంలో పెట్టిన సూత్రాన్నే కమిషనర్ గారు ఊరంతటికీ వర్తింపజేశారు. "అనారోగ్య స్థితిలో ఇచ్చిన ఫలితములు, అభిప్రాయములు, అర్జీలు, సంతకములు చెల్లనేరవు." అర్జీలు తగ్గిపోయినట్టు జిల్లా కేంద్రానికి నివేదిక వెళ్ళింది. మొగలిగరువుకి ఉత్తమ జల పురస్కారం ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తున్నట్టు జవాబు వచ్చింది.

తనిఖీకి ముందురోజు పద్మనాభం పడకేశాడు. కడుపు పట్టుకుని, ముఖం పాలిపోయి, అయినా లేచి కాగితం తెమ్మన్నాడు. సంతకం పెట్టాడు. దాన్ని పట్టుకుని ఆఫీసుకి వెళ్ళిన మనిషి వెంటనే వెనక్కి వచ్చాడు. ఏ.ఇ. గారు జబ్బుపడ్డారు కనక సంతకం చెల్లదట. పోనీ కింది వర్క్ ఇన్‌స్పెక్టరు చేత పెట్టిద్దామంటే ఆయనా ఆ కూజా నీళ్ళే తాగాడు. ఫిట్టరుకీ అదే తిప్పుడు. సాంకేతిక విభాగంలో ఆరోగ్యంగా నిలబడ్డవాళ్ళు లేరు. జిల్లా కేంద్రం నుంచి కారులో నీళ్ళు తెచ్చుకునే కమిషనర్ గారు గుండ్రాయిలా ఉన్నారు గాని, ఆయన సాంకేతిక విభాగం కాదు.

మధ్యాహ్నానికి కమిషనర్ గారు స్వయంగా పద్మనాభం ఇంటికి వచ్చారు. వెనకాల డి.ఇ. భాస్కరం గారు. పెరట్లోకి వెళ్ళి తొట్టి ముందు నిలబడ్డారు. చేప చక్కగా, నిటారుగా ఈదుతోంది.

"సాంకేతిక విభాగంలో ప్రస్తుతం ఆరోగ్యవంతమైన సిబ్బంది సదరు చేప ఒక్కటే" అన్నారు కమిషనర్ గారు గంభీరంగా. "తనిఖీ నాటికి ధ్రువీకరణ లేకపోతే పురస్కారం దక్కదు. అసిస్టెంటు ఇంజనీరు కోలుకునేంతవరకు ఆ పదవికి సంబంధించిన సమస్త అధికారములతో సదరు చేపను ఇన్‌ఛార్జిగా నియమిస్తున్నాను."

"సంతకం ఎలాగండి?" అన్నారు డి.ఇ. గారు, నెమ్మదిగా.

"చేప తరఫున గృహ సంరక్షకురాలు చేయవచ్చును. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నారు కదా?"

"టిన్ను నీళ్ళు తాగుతున్నానండి" అంది సూర్యప్రభ.

"శుభం."

ఇన్‌ఛార్జి ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. సూర్యప్రభ దాన్ని నిలబడి చదివింది. ఒకచోట వేలు పెట్టి, "సమస్త అధికారములు అంటే అన్నీ అండీ?" అని అడిగింది.

"అన్నీనమ్మా. అధికారంలో ముక్కలుండవు."

వాళ్ళు వెళ్ళాక ఆవిడ తొట్టి పక్కన పీట వేసుకు కూర్చుంది. లోపల మంచం మీద నుంచి పద్మనాభం, "రెండు వాక్యాలే ప్రభా, రోజూ రాసేవే" అని నీరసంగా పిలిచాడు.

"చేప ఇన్‌ఛార్జి అండీ. మీరు సెలవులో ఉన్నారు. పడుకోండి."

తరువాత శుభ్రమైన దస్తూరీతో ఇలా రాసింది:

"సదరు చేప ఆరోగ్యముగా ఉన్నది. తాను ఈదుచున్న టిన్ను నీరు యోగ్యమని ధ్రువీకరించుచున్నది. మంచినీళ్ళ చెరువులోని నీటిలో తాను ప్రస్తుతము లేదు గావున ఆ నీటికి ధ్రువీకరణ లేదు. ధ్రువీకరణ లేని నీటిని ఊరికి వదలరాదు. కనుక మెయిన్ వాల్వు తక్షణమే మూసివేసి, తాను ధ్రువీకరించిన రకము నీటినే ట్యాంకర్లతో ఇంటింటికీ సరఫరా చేయవలెనని ఆదేశించుచున్నది."

కింద 'ఇన్‌ఛార్జి అసిస్టెంటు ఇంజనీరు (చేప) తరఫున' అని రాసి సంతకం పెట్టింది. ఫిట్టరు కడుపు పట్టుకునే వచ్చి చదివాడు. "చేపగారు చెప్పారా అమ్మా?" అని తొట్టి వైపు ఒకసారి చూసి, "ఇన్నాళ్ళకి ఆ కుర్చీలో బుర్రున్నోళ్ళు కూర్చున్నారండి" అని వెళ్ళిపోయాడు. లోపల పద్మనాభం మంచం కిర్రుమంది.

వాల్వు మూతపడింది. పొరుగు మునిసిపాలిటీ నుంచి శుద్ధిచేసిన నీళ్ళ ట్యాంకర్లు హారన్ కొట్టుకుంటూ ఊళ్ళోకి దిగాయి.

కమిషనర్ గారు మర్నాడు పొద్దున్నే పెరట్లోకి దూసుకొచ్చారు. "ఎవరిచ్చారమ్మా ఈ ఆదేశం? ఇది రద్దు! ఈ క్షణమే రద్దు!"

డి.ఇ. భాస్కరం గారు ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. అయినా మాటలు వినబడుతూనే ఉన్నాయి. "తొందరపడకండి సార్. చేప ఇచ్చిన ఆదేశం చెల్లదంటే, ఇన్నాళ్ళూ చేప ఇచ్చిన ధ్రువీకరణలూ చెల్లవు. అవి చెల్లకపోతే పురస్కారం లేదు. పైగా పరీక్షల గది ఎందుకు మూశారని మిమ్మల్ని అడుగుతారు. మందు ఎందుకు కొట్టారని నన్ను అడుగుతారు."

కమిషనర్ గారు తొట్టి వంక చూశారు. చేప ఆయన వంక చూడలేదు.

అప్పటికే తనిఖీ బృందం ఊళ్ళోకి వచ్చేసింది. ఏ వీధి చూసినా ట్యాంకరు, బిందెలు, నవ్వుతున్న జనం. బృందానికి పెద్ద అయిన అధికారి ముచ్చటపడిపోయి, "ధ్రువీకరణ లేని చుక్క నీరు కూడా ప్రజలకు ఇవ్వరాదన్న మీ పట్టుదల ఆదర్శప్రాయం" అని కమిషనర్ గారికి అక్కడే శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్నాక ట్యాంకర్లు ఆపడం కుదరలేదు. చెరువు నీళ్ళు తోడి పారెయ్యక తప్పలేదు. కొత్త నీళ్ళ కోసం కాలవ కొద్దిరోజులు వదిలారు. ఈసారి మళ్ళీ మొలిచిన గుర్రపుడెక్కని మనుషులే దిగి పీకారు. డి.ఇ. గారు దానికి 'సేంద్రియ నిర్మూలన' అని పేరు పెట్టి మళ్ళీ ఫొటో దిగారు. చెరువు నిండాక మెయిన్ వాల్వు మళ్ళీ తెరిచారు.

పద్మనాభం తేరుకుని ఉద్యోగంలో చేరిన రోజున ఆయన చేతికి ఒక కవరు ఇచ్చారు. ఆయన దాన్ని విప్పకుండానే ఇంటికి తెచ్చాడు. సూర్యప్రభే విప్పి చదివింది.

"తన పరిధిని అతిక్రమించి ట్యాంకర్లకు ప్రభుత్వ ధనము వ్యయపరచినందున, మాజీ ఇన్‌ఛార్జి అయిన సదరు చేపను సస్పెండు చేయడమైనది. సస్పెన్షను కాలములో సగము నీరు మాత్రమే మంజూరగును. అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళరాదు."

"నా పేరు లేదుగా?" అన్నాడు పద్మనాభం.

"లేదు."

"ఇంకోసారి చూడు."

"చూశాను. చేపదే."

ఆయన కాగితం అందుకుని తనూ చదివి నవ్వాడు. ఆ నవ్వు ఆపుకోలేక పెరటి గోడ పట్టుకున్నాడు. "చేపకి చదివి వినిపించమని కింద రాశారు ప్రభా. చదివినట్టు సంతకం కావాలిట."

"వినిపించండి మరి."

ఆయన తొట్టి ముందు నిలబడి ఉత్తర్వు పూర్తిగా చదివాడు. చేప హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళలేదు.

టిన్నులు సగమే వచ్చాయి. తొట్టి వెలితిగా ఉంది. సూర్యప్రభ పంపు తిప్పి చెంబుతో కొత్త నీళ్ళు పట్టింది. కొద్దికొద్దిగా తొట్టిలో పోసి, పక్కనే పీట వేసుకుని, ఇంకో చేత్తో టిన్ను పట్టుకుని కూర్చుంది. చేప ఒకసారి పైకి వచ్చింది. ఆవిడ టిన్ను మూత తీసింది. ఆవిడ నూకలేమైనా వేస్తుందేమోనని చేప చూసి, లోపలికి మునిగి, తిన్నగా, నిటారుగా తొట్టి చుట్టూ తిరిగి వచ్చింది. ఇంకో చెంబు పోసింది. మళ్ళీ తిరిగింది.

మధ్యాహ్నం దాకా ఆవిడ అక్కడే కూర్చుంది. ఆ పరీక్షకి ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు.

తరువాత లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, అన్నం వండడానికి బిందె పంపు కింద పెట్టింది.